ఎనభై మీద వణుకు

ఆ రాడ్డు జోలికి మాత్రం వెళ్లకు నాయనా. వద్దంటున్నానా? దాని మానాన దాన్ని ఉండనీ.

అసలు వినపడుతోందా? బండి కింద నీ కాళ్లు తప్ప నాకేమీ కనపడటం లేదు. కాళ్లతో ఎంతసేపని మాట్లాడను? ఎడం చెప్పు తెగేలా ఉంది, చూసుకో. సరేలే, అది నా పని కాదు. ఇక్కడ కూర్చుని నిన్ను కనిపెట్టుకుని ఉండటం నా పని. మావాడు అదే చెప్పి ఆఫీసుకి పోయాడు. "నాన్నా, కదలకు. పాత సామాను బిగించి కొత్తదని బిల్లు వేస్తాడేమో, ఓ కన్నేసి ఉంచు" అన్నాడు. నీకు నవ్వుతూ తాళాలిచ్చి, ఇటు తిరిగి నాతో ఈ మాట! నేను చెప్పానని అనకేం.

ఏంటా చప్పుడు? పానాతో కొట్టి జవాబు చెప్తున్నావా? ఒకసారి కొడితే అవునని, రెండుసార్లు కొడితే నోరు మూసుకోమనా?

రెండుసార్లు కొట్టావు. బాగుంది.

మూసుకుంటాను. ఒక్క ముక్క చెప్పి మూసుకుంటాను. అసలు నువ్వు కిందికెందుకు దూరావు? మావాడు చెప్పాడని. "మా ఆవిడ ఎక్కడో గుద్దేసింది, కింద ఏదో వంగింది, చూడండి" అన్నాడు. వాడు చూశాడా? చూడలేదు. ఎవరైనా చూశారా? లేదు. బండి మీద గీతైనా పడిందా? ఈ బండి ఒళ్లంతా నాకు తెలుసు, వారం వారం కడిగేది నేను. గోరంత గీత లేదు. మరి గుద్దిందని ఎలా చెప్తాడు? బండి వణుకుతోంది కాబట్టి గుద్దింది. గుద్దింది కాబట్టి వణుకుతోంది. అయిపోయింది! ఇంత చదువు చదివించి నేను వాడికి నేర్పించింది ఇదీ.

ఆఁ? ఎప్పుడు వణుకుతుందా? మళ్లీ చెప్పాలా? విను.

డెబ్భై దాకా పట్టుపరుపు మీద పడుకున్నట్టే ఉంటుంది. ఎనభై దగ్గర పట్టుకుంటుంది చలిజ్వరం. స్టీరింగు గడగడలాడిపోతుంది. తొంభై దాటి ఇంకా తొక్కితే మళ్లీ ఏమీ ఎరగనట్టు సర్దుకుంటుంది. బ్రేకు వేసినా వెయ్యకపోయినా ఒకటే. గేరు తీసేసి వదిలేసినా అంతే. చూశావా, ఎంత బాగా చెప్పానో! ఇదంతా మావాడు చేసిన పరిశోధన. ఒక ఆదివారం ఇంటిల్లిపాదినీ బండెక్కించాడు. ఏసీ కట్టేశాడు, అద్దాలెత్తేశాడు, ఎవరూ దగ్గకూడదన్నాడు. తలా ఒక చోట చెయ్యి ఆనించి కూర్చోవాలి. కోడలు ముందు డోరు మీద, మనవరాలు అద్దం మీద. నన్నేమో వెనక చివరి సీట్లో పడేసి, నేల మీద అరచెయ్యి పెట్టమన్నాడు. వంగి కూర్చుని, ఈ నడుముతో!

ఏడు సీట్ల ఎస్‌యూవీ అని గొప్పగా కొన్నాడా, ఆ ఏడో సీటు నాకోసమే చేశారు కంపెనీవాళ్లు.

ఎనభై వచ్చింది. ఎవరి చేతికేం తెలిసిందో నాకు తెలీదు కానీ, నా పళ్లు మోగాయి. కట్టుడు పళ్లు నాయనా, పైవరస కొంచెం వదులు. టకటకటకమని ఒకటే మోత. మనవరాలు పడీ పడీ నవ్వింది. అప్పటి నుంచీ అదే మీటరు! రోడ్డెక్కితే చాలు, "నాన్నా, పళ్లు మోగాయా?" అంటాడు ముందు నుంచి. "మోగుతున్నాయిరా" అంటాను వెనక నుంచి. ఇంటి పెద్దకి దక్కిన మర్యాద ఇదీ.

టైర్లలో గాలి చూశాడు. ఇంకో షెడ్డుకి తీసుకెళ్లి చక్రాల వంకర సరిచేయించాడు. నీకు చెప్పొద్దన్నాడు, చెప్పేశాను. పోయిన వారం ముందు చక్రాలు వెనక్కీ, వెనక చక్రాలు ముందుకీ మార్చాడు. దాంతో ఏమైందో తెలుసా? స్టీరింగులో వణుకు పోయింది. పోయి ఎక్కడికొచ్చింది? సరిగ్గా నా సీటు కిందికొచ్చింది! "నాకు తగ్గింది నాన్నా" అన్నాడు మహారాజు. ఎందుకు తగ్గదూ, నాకు పంపించాక?

ఆఁ... ఆగావేం? పానా చప్పుడు ఆగిపోయింది.

అదే కదా నేనంటున్నది! చక్రాలతో పాటు వణుకు కూడా వెనక్కి పోయిందంటే, ఆ రాడ్డేం చేస్తుంది పాపం? దాన్నెందుకు విప్పుతావు?

ఈ చక్రాలకి బ్యాలెన్సింగు నువ్వే చేశావు. ఎవరు కాదన్నారు? బంగారంలాంటి పని నీది. చేయించుకుని వెళ్లిన రోజు బండి నీళ్ల మీద పడవలా పోయింది, నేనే సాక్ష్యం. నువ్వు చేసిన పనికి వంక పెట్టడం లేదు నాయనా. నువ్వు చేశాక... ఏమో, ఏమైనా... ఓసారి చక్రం లోపల చెయ్యి పెట్టి చూడరాదూ? నీ సొమ్మేం పోయింది?

హమ్మయ్య, బయటికొచ్చావు. మొహమంతా గ్రీజు. ఇటు కాదు, అటు. వెనక ఎడమ చక్రం. మొన్నటిదాకా ముందుండేదే. పైన కాదయ్యా, ఆ పుల్లల సందులోంచి లోపలికి పెట్టు చెయ్యి. ఇంకొంచెం కిందికి... ఆఁ, అక్కడే. జిగురు తగులుతోందా? జిగురుంది, ముక్కలు లేవు. కదూ?

అలా చూడకు.

అంత కచ్చితంగా నాకెలా తెలుసనా?

ఇలా ఈ టైరు మీద కూర్చో. నువ్వు కూర్చుంటేనే చెప్తాను. నుంచున్న మనిషికి చెప్పే మాట కాదిది.

నేను కర్టెన్లు కుట్టేవాణ్ణి. ఊళ్లో సగం కిటికీలు నేను మూసినవే అనుకో. కర్టెన్ కుట్టేవాడికి జన్మకో శత్రువు ఉంటుంది, గాలి. ఎంత ఖరీదైన గుడ్డ తెచ్చినా, ఎన్ని కుచ్చిళ్లు పెట్టినా, ఫ్యాను వేశారంటే గాలిపటమే. కింది అంచులో బరువు పెట్టి కుట్టాలి. గులకరాళ్లు పెడితే ఉతుకులో గుడ్డ చింపేస్తాయి. ఇనప నట్లు పెడితే తుప్పు మరక. సీసం కావాలి. పలచగా, చిన్నగా, వరసగా పేర్చినట్టు ఉండే సీసం ముక్కలు. అవి దొరక్కుండానే నా జీవితం అయిపోయింది.

మా హాలు కిటికీ కర్టెన్ అయితే మరీ అన్యాయం. కోడలు టీవీ పక్కన పెట్టుకున్న గాజు కూజాని దొర్లించి పగలగొట్టింది. ఆ పిల్ల కిక్కురుమనలేదు కానీ, కుట్టింది నేనుగా! నాకెంత సిగ్గు!

తర్వాతి వారం బండి కడుగుతున్నాను. నేను కడిగితే మామూలుగా కడగను. చక్రం లోపల కూడా చెయ్యి పెట్టి తోముతాను. అక్కడ తగిలాయి. బూడిద రంగు ముక్కలు, ఒకదాని పక్కన ఒకటి, పళ్లవరసలా అతుక్కుని. ఇదేం దరిద్రం అనుకున్నాను. అద్దంలాంటి చక్రానికి ఎవడో పని చేతకానివాడు లోపల తారు ముద్దలు వదిలేశాడు అనుకున్నాను. నువ్వే ఆ చేతకానివాడివి, ఏమీ అనుకోకు. అట్లకాడ తెచ్చి గీకాను. పట్టీ పట్టీగా ఊడొచ్చింది. అరచేతిలో పెట్టుకున్నాను.

ఏం చెప్పను నాయనా! చెయ్యి అలా కిందికి దిగింది. అంత చిన్న ముక్కకి అంత బరువు! వెతుకుతున్న పెళ్లికొడుకు మన గుమ్మంలోనే చెప్పులు విడిచినట్టుంది నాకు. వెంటనే రెండో ముందు చక్రం కూడా గీకాను. వెనకవాటి జోలికి పోలేదు, నడుము పట్టేసింది. ఆ నడుమే వాటిని కాపాడింది.

ఆ మధ్యాహ్నమే కర్టెన్ అంచు విప్పి, లోపల వరసగా పేర్చి, రెండు కుట్లు వేశాను. ఫ్యాను ఐదులో పెట్టాను. కదిలిందా? సైనికుడిలా నిలబడింది! కోడలు ఇంటికి రాగానే చూసి, "మామయ్యగారూ, ఏం మంత్రం వేశారండీ?" అంది. నేను మీసం తిప్పాను. ఇంట్లో కర్టెన్ కదలడం మానేసింది. రోడ్డు మీద బండి కదలడం మొదలెట్టింది.

నవ్వు, నవ్వు. తనివితీరా నవ్వు. ఇందాకటి నుంచి పానాతో మాట్లాడిన మనిషివి, ఇప్పుడు పళ్లన్నీ బయటపెట్టావు.

ఎప్పుడు తెలిసిందా? మొన్న భోజనాల దగ్గర. మావాడు ఫోనులో ఏదో చదువుతూ, "చక్రానికి అంటించిన వెయిట్లు ఊడినా వణుకుతుందట, కానీ మనం మొన్నేగా బ్యాలెన్సింగు చేయించాం" అన్నాడు. వెయిట్లంటే ఏంటిరా అన్నాను. బొమ్మ చూపించాడు. ముద్ద కంచంలో పెట్టేశాను. ఎదురుగా కర్టెన్. అది నన్నే చూస్తున్నట్టు నిటారుగా వేలాడుతోంది.

అప్పుడే చెప్పొచ్చుగా అంటావు. చెప్పొచ్చు. నీకు తెలీదు మా ఇంటి సంగతి. మిక్సీ బాగుచేస్తానన్నాను, అది కాలింది. ఇక మిక్సీ ముట్టుకోవద్దన్నారు. కుళాయి తిప్పాను, ఇల్లంతా వరద. కుళాయి ముట్టుకోవద్దన్నారు. ఒక్కొక్కటే తగ్గిస్తూ తగ్గిస్తూ వచ్చి, నాకు మిగిలింది ఈ బండి కడగడం ఒక్కటే. ఇది కూడా పోతే పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలి? గోడకి ఎదురుగా కూర్చోనా?

సరే, నా గోల అలా ఉంచు. అసలు గొడవ అది కాదు.

కోడలికి ఉద్యోగం వచ్చింది. నర్సు పని. ఊరవతల బైపాసు మీద పెద్ద ఆసుపత్రి కట్టారే, అందులో. తెల్లారేసరికి అక్కడుండాలి. ఆ వేళకి బస్సులుండవు, బండి ఉంటేనే కుదిరే పని. పంతం పట్టి డ్రైవింగు నేర్చుకుంది. ఎంత నెమ్మదిగా తోలుతుందో తెలుసా? నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుంటుంది. వేరుశెనగలు తినిస్తుంది. తొక్కలు కింద పడ్డా ఏమీ అనదు. మావాడైతే బండెక్కే ముందు నా జేబులు తడుముతాడు!

వణుకు మొదలైందా, మావాడు తాళాలు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ముందు బండి సంగతి తేలనీ. నువ్వు ఎక్కడ గుద్దావో గుర్తు తెచ్చుకో" అన్నాడు. రేపు పొద్దున్న ఆ పిల్ల ఆసుపత్రికి వస్తాననో రాననో చెప్పాలి.

పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడితే బాగుండేది. నిన్న బట్టలు మడతపెడుతూ నా దగ్గరికొచ్చి, "మామయ్యగారూ, నిజంగానే ఎక్కడైనా గుద్దానేమోనండీ, నాకే తెలీకుండా" అంది.

నేనేమన్నానో తెలుసా? "ఏమో తల్లీ" అన్నాను.

సరే, లే లే. ఎంతసేపు కూర్చుంటావు? పని చూడు. చక్రాలు విప్పి నీ మిషనెక్కించు.

*

అబ్బో, ఎర్ర అంకెలు! ఇదా మరి! ఎంత తక్కువైందో గ్రాముల్లో కూడా చెప్తుందా? నా పరువు ఎంత తక్కువైందో చెప్పదేం? పెట్టు, ముక్కలు పెట్టు. గట్టిగా నొక్కు. మళ్లీ తిప్పు. ఆహా, సున్నా! ఎంత బుద్ధిగా తిరుగుతోందో చూడు, బొంగరం నిద్రపోయినట్టు.

పద, ఓసారి రోడ్డెక్కి చూద్దాం. నువ్వు తోలు. నేను ముందే కూర్చుంటాను, వెనక్కి పొమ్మనకు.

డెబ్భై. బాగుంది. తొక్కు. డెబ్భై అయిదు... ఎనభై. ఆగు, మాట్లాడకు. నోరు కొంచెం తెరుస్తాను.

మోగలేదు! ఒక్క పన్ను కూడా మోగలేదు! ఎనభై అయిదు... తొంభై... లేదు నాయనా, లేదు! నీ చేతికి కంకణం తొడగాలి.

ఇప్పుడు విను. సాయంత్రం మావాడొచ్చి, ఏంటి జబ్బు అని అడుగుతాడు. నువ్వేం చెప్తావు? నేను చెప్తాను విను. వెయిట్లు వాటంతటవే ఊడిపోయాయని చెప్పు.

ఎందుకు కుదరదు? ...ఓహో. నీ అంటింపు మంచిది కాదని నువ్వే ఒప్పుకున్నట్టవుతుందా? నిజమే. షెడ్డు పేరు పోతుంది. సరే, ఇంకోటి. గోతిలో పడి ఊడాయని చెప్పు. ఆఁ, గొయ్యి బాగుంది. గోతుల్లేని రోడ్డెక్కడుంది?

...ఎవరు పడేశారంటాడా? అంటాడు. మళ్లీ ఆ పిల్ల మెడకే చుట్టుకుంటుంది. వద్దు, గొయ్యి వద్దు.

దొంగలు పీక్కుపోయారని చెబితే? చక్రాలు వదిలేసి సీసం ముక్కలు పట్టుకుపోయే దొంగ ఎవడంటావా? ఉంటాడయ్యా, ఎవడైనా పేద దొంగ... సరేలే. నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

బండి కడిగినవాడెవడో పీకేశాడని... అది నేనేగా. వీధి వీధంతా చూస్తుంది నేను కడగడం.

పోనీ ఏమీ చెప్పకు. "సరిచేశాను, తీసుకెళ్లండి" అని ఊరుకో. మెకానిక్కులు మాట్లాడితే ఎవరికి అర్థమవుతుంది కనక?

ఏమన్నావ్? మళ్లీ అను.

కారణం తెలీకపోతే ఆ అమ్మాయికి తాళాలిస్తాడా అంటున్నావా?

...ఇవ్వడు. "ఈసారికి బాగైంది, మళ్లీ గుద్దదని ఏంటి నమ్మకం" అంటాడు. వాడి సంగతి నాకు తెలీదా? జేబులోంచి తాళాలు బయటికి రావు.

రోడ్డు పక్కన ఆపు. ఆపు నాయనా. బండి వణకడం లేదు, నిజమే. ఇప్పుడు నేను వణుకుతున్నాను.

ఏ దారిలో పోయినా అయితే నీ మీద పడుతుంది, లేకపోతే ఆ పిల్ల మీద పడుతుంది. పడకూడనివాళ్లిద్దరి మీదే పడుతోంది. అసలువాడు మాత్రం ఇదిగో, నీ పక్కనే ఏసీలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

ఏదీ, నా ఫోను... ఇదిగో. వాడి నంబరు నొక్కు, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను. కోడలు తెస్తానంది, షెడ్డు దగ్గరికే. నువ్వు బండి తిప్పు, మెల్లిగా పోనీ. తోలుతుంటే మాట్లాడటం తేలిక. నా మొహం చూడకు, రోడ్డు చూడు.

ఆఁ, నేనేరా. బాగైపోయింది. పళ్లు మోగలేదు. విను ముందు. కింద ఏమీ వంగలేదు. మీ ఆవిడ ఏదీ గుద్దలేదు. వెయిట్లు పీకింది నేను. నేనేరా, మీ నాన్నని. కడుగుతూ పీకాను. ఏం చేశానా? కర్టెన్‌లో కుట్టాను. హాల్లో కర్టెన్. అవును, అదే. కదలని కర్టెన్.

...అరుస్తున్నాడు. కొంచెం దూరం పెట్టుకుంటాను ఫోను.

...ఇప్పుడు నవ్వుతున్నాడు.

...ఇప్పుడు గొంతు తగ్గించి ఏదో గొణుగుతున్నాడు.

గట్టిగా చెప్పరా. ఆఁ? ఎవరికి చెప్పొద్దు?

మెకానిక్కూ, విను ఈ వింత. పెళ్లానికి చెప్పొద్దంటున్నాడు! "ఏదో నట్టు వదులైందని చెబుదాం నాన్నా, తాళాలు రాత్రికి నేనే ఇచ్చేస్తాను. పోనీలే, అయిందేదో అయింది అని ఇచ్చేస్తాను" అంటున్నాడు. అంటే క్షమించి ఇస్తాడట! చెయ్యని తప్పుకి క్షమాభిక్ష పెడతాడట ఆ పిల్లకి! దండ కూడా వేయించుకుంటాడేమో!

నా రక్తమే. ఇన్నాళ్లూ వాళ్లమ్మ పోలిక అనుకున్నాను. కాదు నాయనా, అచ్చం నేనే.

ఒరేయ్, ఇందాకటి నుంచీ ఇక్కడ నేను అన్ని రకాల అబద్ధాలూ తొడుక్కుని చూశాను. ఒక్కటీ సరిపోలేదు. నీకు మాత్రం ఎలా సరిపోతుంది, కొలతలు ఒకటేగా?

అదిగో షెడ్డు. గేటు దగ్గర ఆటో దిగుతోంది చూడు, మా కోడలే. బండి వంక చూడటానికి కూడా భయపడుతోంది పిచ్చిది. పక్కగా ఆపు. ఇంజను కట్టెయ్. తాళాలు నా చేతిలో పెట్టు.

ఫోను పెట్టెయ్యకురా. పెట్టేశావో, ఆవిడకి వివరంగా చెప్తాను. లైనులో ఉన్నావంటే క్లుప్తంగా చెప్తాను. నీ ఇష్టం. ...ఉన్నాడు.

నాయనా, అందరికీ వినపడేలా పెట్టే బొత్తం ఏది? స్పీకరు. ఆఁ, నొక్కు. నువ్వెక్కడికి జారుకుంటున్నావు? ఇక్కడే నుంచో, నాకు ధైర్యంగా ఉంటుంది.

రా తల్లీ. కళ్లజోడు తర్వాత, ముందు ఈ తాళాలు తీసుకో. తీసుకోమ్మా, నీవే. నువ్వు ఎక్కడా గుద్దలేదు. నీకు తెలీకుండా కూడా గుద్దలేదు. చక్రాలకున్న బరువులు పీకేసింది నేను. పీకిన సంగతి తెలిసీ, నువ్వు అడిగినప్పుడు "ఏమో తల్లీ" అన్నది కూడా నేనే. ఉద్యోగానికి వస్తానని రేపు చెప్పు ఆసుపత్రికి.

అలా చూడకు, నాకింకా సగమే అయింది. కాదు కాదు, నాది మొత్తం అయిపోయింది. మిగిలిన సగం, చూడకుండానే నీ మీద నింద వేసినవాడిది. ఇదిగో, ఇందులో ఉన్నాడు.

ఊఁ, కానియ్‌రా. వింటోంది.